చెల్లెలి కాగితం చదవకూడదు

ఖేజడీసర్ గ్రామ సోదరీ త్యాగ సన్మాన సమితి వారు సవినయంగా ప్రకటించునది ఏమనగా: ఈ సంవత్సరం కూడా గ్రామంలో ఏ ఆడపడుచూ తండ్రి పొలంలో వాటా అడగలేదు. ఈ శుభసందర్భాన్ని పురస్కరించుకొని పంచాయతీ కార్యాలయం ముందు బెల్లం పంచబడును. కావున యావన్మందీ విచ్చేసి నోరు తీపి చేసుకొనవలసినది.

ఈ ప్రకటన ఏటా వెలువడుతుంది. తేదీ ఒక్కటే మారుస్తారు. ఎడారి సీమలోని నాగౌర్ ప్రాంతంలో మెంతికూరకూ ఎడ్లకూ ఎంత పేరుందో ఆడపడుచుల త్యాగానికీ అంత పేరుంది. తండ్రి పోయి, పన్నెండో రోజు భోజనాలు ముగిశాక, అన్న తన చెల్లెలిని తహసీలు కచేరీకి తీసుకువెళతాడు. నాన్నగారి పొలంలో నా వాటా నాకొద్దు అని రాసి ఉన్న కాగితం మీద ఆమె వేలిముద్ర వేస్తుంది. అన్న ఆమె నెత్తిన ఎర్రటి చూనడీ, అంటే చుక్కల ఓణీ, కప్పుతాడు. ఫొటో తీస్తారు. మర్నాడు పత్రికలో అన్నాచెల్లెళ్ల అనురాగం అన్న శీర్షిక కింద ఆ ఫొటో పడుతుంది. దీన్ని హక్కుత్యాగం అంటారు. చెల్లెలి కోసం అన్న హక్కుత్యాగం చేసినట్టు మాత్రం ఇంతవరకూ వార్త రాలేదు. అన్నలకు అనురాగం తక్కువని ఎవరూ అనుకోరాదు. వాళ్లకు ఫొటోల మీద మోజు లేదు.

సమితి అధ్యక్షులు పేమారాం మాస్టారు. ఉద్యోగమంతా పిల్లలకు పౌరశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవారు. పసుపు తలపాగా, తెల్లని మీసం, మైకు అవసరం లేని గొంతు. అయినా మైకు లేనిదే నోరు విప్పరు. చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కడ హక్కుత్యాగం జరిగినా ఆయన ఉపన్యాసం తర్వాతే వేలు సిరాలో ముంచుతారు.

"చెల్లెలంటే ఎవరు? ఇచ్చేది. అన్నంటే ఎవరు? ఇచ్చినదాన్ని కళ్లకద్దుకునేవాడు. పొలం పోతే ఇంకో పొలం కొనుక్కోవచ్చు తల్లీ, పుట్టిల్లు పోతే ఏ సంతలో దొరుకుతుంది?"

ఇక్కడ మాస్టారు కాసేపు ఆగుతారు. మేలిముసుగుల్లో ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. ఎప్పుడైనా ఒక అమ్మాయి కాగితంలో ఏముందో చూస్తానంటే ఆయన కోప్పడరు, నొచ్చుకుంటారు. ఇంట్లోవాళ్ల కాగితం చదవడమంటే ఇంట్లోవాళ్లను అనుమానించడమేనమ్మా అని మెత్తగా చెబుతారు. ఆయన దగ్గరే అక్షరాలు దిద్దుకున్న ఆడపిల్లలు సైతం ఆ మాటకు సిగ్గుపడి, కళ్లు పక్కకు తిప్పుకొని వేలిముద్ర వేసేవారు. సంతకం వచ్చినవాళ్లకు వేలిముద్ర దేనికని చదువరులకు సందేహం రావచ్చు. ఫొటోలో వేలిముద్రే నిండుగా కనిపిస్తుంది.

ఇంత పేరుమోసిన మాస్టారికి పితృవియోగం కలిగినప్పుడు ఊరంతా ఎదురుచూసింది. ముసలాయన ఎనభై దాటి సుఖంగానే వెళ్లారు, దాని గురించి ఎవరికీ బెంగ లేదు. అధ్యక్షులవారి చెల్లెలు చేయబోయే త్యాగం ఎంత ఘనంగా ఉంటుందా అన్నదే అందరి ఆత్రం. తల్లి అంతకు చాలా ముందే పోయింది. మిగిలిన వారసులు మాస్టారు, ఆయన చెల్లెలు ధాపూ. పొలమూ బావీ ఇద్దరికీ చెరిసగం అని పట్వారీ రికార్డుల్లో పేర్లు ఎక్కించేసరికి మాస్టారికి తల తిరిగినంత పనైంది. కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉందని ఆయన ఏటా తరగతిలో చెప్పినవారే. అది పరీక్షకు వచ్చే ప్రశ్న అనుకున్నారు గాని పొలానికి వస్తుందనుకోలేదు.

ధాపూ అంటే ఆ వైపు భాషలో చాలు అని అర్థం. వరసగా ఆడపిల్లలు పుడుతుంటే ఇక చాలని దేవుడికి తెలియజేయడానికి పెట్టే పేరు. మొదటి ఆడపిల్లకే ఆ పేరు పెట్టడం ఆ ఇంటి ముందుచూపు.

ధాపూ అందరిలాంటి చెల్లెలైతే ఈ కథ బెల్లంతో ముగిసిపోయేది. కాని ఆమెది ఆటా-సాటా సంబంధం. పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకోవడాన్ని అక్కడ అలా అంటారు. మాస్టారి పడుచుతనంలో ఆయనకు ఎంత వెతికినా పిల్ల దొరకలేదు. పక్కనున్న లూణాసర్‌లో కేసారాం అనే యువకుడికీ దొరకలేదు. ఈయనకు ధాపూ అనే చెల్లెలుంది, ఆయనకు సాయరీ అనే చెల్లెలుంది. పెద్దలు మంచాలు వాల్చుకొని కూర్చుని, చెంబుల కొద్దీ మజ్జిగ తాగి, ఒకే పందిట్లో ఇద్దరు పిల్లల్నీ అటూ ఇటూ మార్చేశారు. ధాపూ లూణాసర్‌కు కోడలైంది, సాయరీ ఖేజడీసర్‌కు వచ్చింది. ఇలా మాస్టారూ కేసారాం ఒకరికొకరు రెండు విధాల బావలయ్యారు. పిల్లలను అడిగారా అంటే అడగలేదు. ఎడ్లను మార్చేటప్పుడు పళ్లు చూస్తారు, అంతకన్నా ఎక్కువ అడగడం ఆచారంలో లేదు.

ఆటా-సాటాకు రాజ్యాంగం ఒకటే వాక్యం: ఇక్కడి కోడలికి ఏం జరిగితే అక్కడి కోడలికీ అదే జరగాలి. దీన్ని రెండు కుటుంబాలూ నిష్ఠగా పాటించాయి. కేసారాం ధాపూకు వెండి కడియాలు చేయిస్తే, మాస్టారు అప్పుచేసి అదే తూకంలో సాయరీకి చేయించారు. రొట్టె మాడిందని సాయరీ పొద్దున చీవాట్లు తింటే, ఏ పాపమూ ఎరగని ధాపూ సాయంత్రానికి తినేది. ధాపూకు పంటినొప్పి వచ్చి పన్ను పీకించాల్సి వచ్చినప్పుడు సాయరీ పన్ను సంగతేమిటని రెండిళ్ల మధ్య చర్చ జరిగింది. వైద్యుడు ఒప్పుకోకపోవడంతో ఆ ఒక్క విషయంలో న్యాయం జరగలేదు.

అన్నిటికన్నా కష్టం అలకలది. ధాపూ మొగుడి మీద అలిగి మూట కట్టుకొని పుట్టింటికి బయలుదేరిందని కబురు అందగానే, పాపం సాయరీ, ఏ అలకా లేకపోయినా, పొయ్యి మీది మజ్జిగ కఢీ దించి, మూట కట్టుకొని తన పుట్టింటికి బయలుదేరాలి. రెండూళ్లకూ నడుమ బస్సు మారే చోటు ఒకటుంది. అక్కడ వదినలిద్దరూ ఎదురుపడేవారు. బల్ల మీద పక్కపక్కన కూర్చుని, వేడి కచోరీలు తెప్పించుకొని, ఈసారి అసలు ఎవరు అలిగారో కనుక్కొని, కష్టసుఖాలు చెప్పుకొని, ఎవరి బస్సు వాళ్లు ఎక్కేవారు. మగవాళ్ల కోపాల పుణ్యమా అని వాళ్లిద్దరికీ ఉన్నంత స్నేహం ఆ తాలూకాలో మరే వదినా మరదళ్లకూ లేదు. ఈ సంగతి మగవాళ్లకు తెలియదు.

మాస్టారు చెల్లెలి కోసం చూనడీ కొని, మేళం మాట్లాడుకొని, ఉపన్యాసానికి పదును పెడుతుండగా లూణాసర్‌లో కేసారాం తండ్రి కూడా కాలం చేశారు. తల్లి ముందే లేదు, అక్కడా వారసులు అన్నాచెల్లెళ్లిద్దరే. పన్నెండో రోజు ముగియగానే కేసారాం బెల్లం బుట్టతో, ఎర్ర చూనడీతో ఖేజడీసర్‌లో దిగాడు. తన చెల్లెలు సాయరీ వచ్చి హక్కుత్యాగం చేయాలని, అధ్యక్షులవారే స్వయంగా ప్రసంగించాలని చేతులు జోడించాడు.

అప్పుడు పేమారాం మాస్టారిలో నిద్రపోతున్న పౌరశాస్త్రం మేలుకుంది.

"బావా, కూర్చో. యాభై ఆరులో చట్టం వచ్చింది, రెండువేల ఐదులో సవరణ వచ్చింది. స్త్రీ అబల కాదు. తండ్రి ఆస్తిలో ఆమె వాటాకు ఆమే సంపూర్ణ యజమాని. అమ్ముకుంటుంది, దానం చేస్తుంది, బర్రెకు బర్రె మార్చుకున్నట్టు ఇంకోదానితో మార్చుకుంటుంది. మొగుణ్ణి నేనే అడగడానికి వీల్లేదు, అన్నవి నువ్వెవరివి? చదువుకున్న దేశంలో ఇంకా ఈ బెల్లం బుట్టలేమిటి, సిగ్గు లేకుండా?"

తలుపు వెనక నిలబడ్డ సాయరీ ఆ ప్రసంగమంతా విన్నది. కాపురానికి వచ్చినప్పటి నుంచి మొగుడి ఉపన్యాసాలు వింటున్నా, చివరిదాకా శ్రద్ధగా విన్నది అదే మొదటిది.

కేసారాం మొహం మాడ్చుకొని పోయాడు. వారం తిరక్కుండా మాస్టారు తన బెల్లం బుట్టతో, తన చూనడీతో లూణాసర్ వెళ్లారు. కేసారాం ఆయనకు మంచం వాల్చి, మంచినీళ్లిచ్చి, యాభై ఆరు నాటి చట్టం దగ్గర మొదలుపెట్టి బర్రెల దాకా పొల్లుపోకుండా అప్పజెప్పాడు. చెప్పినవాడికి సొంత చదువు లేకపోయినా జ్ఞాపకశక్తి గట్టిది. తలుపు వెనక నుంచి ధాపూ కూడా విన్నది.

ఆ విధంగా ఆ ప్రాంతంలో స్త్రీల హక్కుల చైతన్యం హఠాత్తుగా పెల్లుబికింది. ఖేజడీసర్‌లో మాస్టారు పొద్దున రచ్చబండ మీద సోదరీ త్యాగం గురించీ, సాయంత్రం అదే రచ్చబండ మీద భార్యల హక్కుల గురించీ ప్రసంగించసాగారు. రెంటికీ చప్పట్లు సమానంగా పడేవి. ఊళ్లో ప్రతి మగవాడికీ ఒక చెల్లెలూ ఒక భార్యా ఉన్నారు. చెల్లెలు సీతమ్మవారిలాగానూ భార్య ఝాన్సీరాణిలాగానూ ఉండాలన్నది అందరికీ న్యాయంగానే తోచింది. చెల్లెలే మరొకరికి భార్య కదా అన్న చిన్న చిక్కు ఎవరి దృష్టికీ రాలేదు. వచ్చినవాళ్లు మర్యాదస్తులు గనుక బయటికి అనలేదు.

ముందు నీ పెళ్లాం చేత వేలు వేయించు అని ఈయన, ముందు నీ పెళ్లాం చేత వేయించు అని ఆయన. ఇద్దరూ ఎవరి గట్టు మీద వారు భీష్మించుకున్నారు. అదను దాటిపోతోంది. పొలాలకు ఇద్దరేసి యజమానులున్నారని సహకార సంఘం అప్పులు ఆపేసింది. చివరికి మాస్టారు బ్రహ్మాస్త్రం తీశారు.

ఆఖా తీజ్‌కు, అంటే అక్షయ తృతీయకు, ధాపూ కూతురి పెళ్లి. ఆ వైపు మేనమామ బట్టలూ నగలూ పట్టుకొని ఊరేగింపుగా వచ్చి, చెల్లెలి నెత్తిన చూనడీ కప్పితే తప్ప పెళ్లి పెళ్లి కాదు. దాన్ని మాయరా అంటారు. మాయరా రాని తల్లి పెళ్లి పందిట్లో బతికుండీ పుట్టిల్లు లేనిది. సంతకం లేకపోతే మాయరా లేదని మాస్టారు కబురు పంపారు. ఆ తర్వాతి నెలలో సాయరీ కూతురి పెళ్లి ఉంది. అక్కడికీ మాయరా రాదని కేసారాం కబురు అదే బస్సులో తిరిగొచ్చింది.

ఈసారి ధాపూ కబురు పంపలేదు, తనే వచ్చింది. ముసుగు తీసి అన్న ఎదురుగా కూర్చుంది. మాస్టారు ఉపన్యాసం ఎత్తుకున్నారు. పుట్టిల్లు ఏ సంతలో దొరుకుతుంది అన్నచోట అలవాటు ప్రకారం ఆగారు. ధాపూ కళ్లు తుడుచుకోలేదు.

"అన్నయ్యా, నీకు పిల్ల దొరక్కపోతే నన్నిచ్చి వదినను తెచ్చుకున్నావు. అప్పుడు నాకు జడ వేసుకోవడం కూడా సరిగా రాదు. ఒకసారి నన్నే ఇచ్చేశాక, ఇంకా నా దగ్గర ఇవ్వడానికి ఏం మిగిలిందని అడుగుతున్నావు?"

మాస్టారు తలపాగా సర్దుకున్నారు, విప్పి మళ్లీ చుట్టుకున్నారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. చెల్లెలంటే ప్రాణమే. ఆమెను పంపించిన రోజున బావి దగ్గర కూర్చుని ఏడ్చినవాడే, పక్కనే కొత్త పెళ్లికొడుకు తలపాగా పెట్టుకొని. కాని ప్రేమ వేరు, పొలం వేరు, అది లోకరీతి. లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చి, ఆచారం తల్లీ, నేనేం చేయను అన్నారు. ధాపూ లేచి బస్సెక్కింది.

తర్వాతి బస్సుకు సాయరీ కూడా మూట కట్టుకుంది. ధాపూ వచ్చి వెళ్లింది గనుక తనూ పుట్టింటికి వెళ్లి రావాలని, అది ఆటా-సాటా పద్ధతి అని మొగుడికి గుర్తుచేసింది. పద్ధతి విషయంలో మాస్టారు ఎన్నడూ అడ్డు చెప్పలేదు. వదినలిద్దరూ బస్సు మారే చోట ఆ రోజు ఎన్ని కచోరీలు తిన్నారో గాని, రెండు బస్సులు తప్పిపోయాయని మాత్రం తెలుస్తోంది.

మర్నాటికి రెండిళ్లలోనూ అమృతం కురిసినట్టయింది. ఇద్దరూ సంతకానికి సిద్ధమే. ఎవరు ముందన్న పేచీ లేకుండా ఒకే రోజు, ఒకే కచేరీలో, ఒకే కాగితం మీద. సాక్షి సంతకాలు మాత్రం అన్నలే పెట్టాలి, అదీ జనం ఎదుట. అన్నల చేతి రాత ఉంటే తమ త్యాగానికి నిండుదనం వస్తుందని ఆడవాళ్ల కోరిక. మాస్టారి కళ్లు చెమ్మగిల్లాయి. తన ఉపన్యాసం చివరికి రాతిని కరిగించిందని సమితి సభ్యులకు చెప్పుకున్నారు. కాగితం రాయించే పని కూడా మేమే చూసుకుంటామని వదినలు అన్నారు. తహసీలు మెట్ల దగ్గర కూర్చునే లేఖరి చేత వాళ్లే దగ్గరుండి రాయించుకున్నారు. అన్నలకు ఖర్చు తగ్గింది.

ఆ రోజు తహసీలు ఆవరణలో షామియానా వేశారు. ఢోలు మోగింది. రెండూళ్ల పెద్దలూ రంగురంగుల తలపాగాలతో వచ్చారు. పత్రిక విలేకరి వచ్చాడు. గంగాళం నిండా గోధుమరవ్వ లాప్సీ ఉడికింది. మాస్టారు అంత గొప్పగా ఎన్నడూ మాట్లాడలేదు. మన ఇంటి మట్టి మన ఇంట్లోనే ఉండాలి అన్నారు. పరాయి ఊరివాడు మన గట్టు మీద కాలు పెట్టకూడదు అన్నారు. ఆడపడుచు పుట్టింటి నుంచి పొలం కాదు, ప్రేమ పట్టుకెళ్లాలి అన్నారు. ప్రతి వాక్యానికీ కేసారాం అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు.

ధాపూ కాగితం తెచ్చి అన్న ముందు పెట్టింది.

"అన్నయ్యా, సాక్షి సంతకం. ఒకసారి చదువుకుంటావా?"

మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది. మాస్టారు జనం వైపు తిరిగారు.

"చెల్లెలి కాగితం అన్న చదువుతాడా? చదివితే వాడు అన్న కాదు, వకీలు."

చప్పట్లు మారుమోగాయి. మాస్టారు వంకరటింకర లేకుండా నిండు సంతకం చేశారు. కేసారాం కూడా చేశాడు. ఆయన చదవకపోవడానికి వేరే కారణం కూడా ఉంది. వదినలు వేలిముద్రలు వేయకుండా సంతకాలే చేస్తామన్నారు. విలేకరి కాస్త నిరాశపడ్డాడు. అన్నలు చెల్లెళ్లకు చూనడీలు కప్పారు, పెద్దల నోళ్లలో బెల్లం ముక్కలు పడ్డాయి.

అప్పుడు ధాపూ రిజిస్ట్రారుగారిని కాగితం గట్టిగా చదవమని కోరింది. చదవడం అనుమానం గాని వినడం అనుమానం కాదు కదా అంది. ఆయన కళ్లజోడు పెట్టుకొని, మాస్టారి మైకు తీసుకొని చదివారు:

"ధాపూ అను నేను నా తండ్రిగారి వలన సంక్రమించిన ఖేజడీసర్ పొలములోని నా సగమును మా వదిన సాయరీకిని, సాయరీ అను నేను నా తండ్రిగారి వలన సంక్రమించిన లూణాసర్ పొలములోని నా సగమును మా వదిన ధాపూకును, మా యిష్టపూర్వకముగా ఒకరికొకరము మార్పిడి చేసుకొంటిమి. ఇకమీదట ఎవరి సగమునకు వారే సంపూర్ణ యజమానులు."

పెద్దల నోళ్లలో బెల్లం కరగడం ఆగిపోయింది. ఢోలు వాయించేవాడు విషయం అర్థం కాక ఒక దెబ్బ వేసి, అందరి మొహాలూ చూసి మానేశాడు.

"ఇది... ఇది త్యాగం ఎలా అవుతుందే?" అన్నారు మాస్టారు. గొంతు మైకు దాకా వెళ్లలేదు.

"ఎందుకు కాదు అన్నయ్యా? నా పుట్టింట్లో ఇప్పుడు నాకు గుప్పెడు మట్టి లేదు. నువ్వు అడిగింది అదేగా. మీరిద్దరూ మమ్మల్ని మార్చుకున్నారు, మేం పొలాలు మార్చుకున్నాం. బర్రెకు బర్రె అని చెప్పింది కూడా నువ్వే."

అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పాలని రిజిస్ట్రారుగారు రెండు పక్షాలనూ అడిగారు. ఇక్కడే ఆ ఇద్దరు అన్నల అవస్థ చూసినవారికి జాలి కలిగింది. ఇంటి మట్టి ఇంట్లోనే ఉండాలన్నారు, ఉంది. పరాయి ఊరివాడు గట్టెక్కకూడదన్నారు, ఎక్కలేదు. చెల్లెలు పొలం పట్టుకుపోకూడదన్నారు, పట్టుకుపోలేదు. భార్య తన వాటా వదులుకోకూడదన్నారు. ఆమె చక్కగా సాధించుకుంది. పొద్దున ఉపన్యాసమూ సాయంత్రం ఉపన్యాసమూ ఒకే కాగితంలో నెరవేరాయి. పైగా సాక్షులు తామే. ఇంత శుభం జరిగినా రెండూళ్ల మగవాళ్లు చావింటికి వచ్చినట్టు తలలు వంచుకొని కూర్చున్నారు. ఒకరిద్దరు వచ్చి మాస్టారి భుజం తట్టి, ధైర్యంగా ఉండమన్నారు. లాప్సీ మాత్రం మిగల్లేదు.

ఇంటికి వచ్చాక మాస్టారు మాయరాకు వెళ్లేది లేదని మంచమెక్కారు. సాయరీ జొన్నరొట్టె, పెరుగు తెచ్చి పక్కన పెట్టి కూర్చుంది. ఎందుకు వెళ్లరని అడిగింది. చెల్లెలు మోసం చేసిందన్నారు ఆయన.

"ఏం మోసమండీ? తన వాటా వదిలేసింది. అది మీకు రాలేదని కదా కోపం? మరి ఎవరికి వచ్చింది? నాకేగా. నేనెవర్ని?"

మాస్టారికి నువ్వు పరాయిదానివి అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె చేతి రొట్టె నోట్లో ఉంది. ఇంతకాలం ఆ పొలంలో కలుపు తీసింది, మేకలు కాచింది, బావి నుంచి నీళ్లు మోసింది ఆ చేతులే. అనలేకపోయారు. మాయరా ఖర్చుకు జీలకర్ర అమ్మాలి, పంటలో సగం ఇప్పుడు నాది, నా సగంలోంచి నేనిస్తాను, మా వదిన నెత్తి బోసిగా ఉండటానికి వీల్లేదు అని సాయరీ తేల్చేసింది.

ఆఖా తీజ్ నాడు మాస్టారు బండి నిండా బట్టలు వేసుకొని లూణాసర్ వెళ్లారు. గుమ్మంలో ధాపూ పళ్లెం పట్టుకొని నిలబడి ఉంది. వస్తాడో రాడో అని పొద్దుటి నుంచి దారి చూసిన కళ్లు అవి. అన్న కనిపించగానే ఎదురొచ్చి బొట్టు పెట్టింది. ఆయన చూనడీ కప్పారు. కప్పుతుంటే, ఎప్పుడో ఆ పందిట్లో మేలిముసుగు కింద నిద్రతో తూగుతున్న పిల్ల గుర్తొచ్చి మాస్టారికి నిజంగా ఏడుపు వచ్చింది. మైకు లేకుండా మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు, అందుకని ఏమీ అనలేదు. ధాపూ చూనడీ కొంగుతో ముందు అన్న కళ్లు తుడిచింది. మరుసటి నెల ఖేజడీసర్‌కు కేసారాం మాయరా తెచ్చాడు, ధాపూ వాటా ఆముదాల డబ్బుతో.

ఇక్కడితో ఊరు ఊరుకుంటే అది ఊరు కాదు. తాలూకా అంతటా ఆటా-సాటా కోడళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లందరికీ బస్సులు మారే చోట్లున్నాయి, కచోరీ బళ్లు ఉన్నాయి. ప్రమాదం గ్రహించిన పెద్దలు అత్యవసరంగా సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించారు: పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకునే అనాగరిక దురాచారం నేటి నుంచి నిషిద్ధం, స్త్రీ వస్తువు కాదు, మార్చుకోవడానికి. తీర్మానం రాసింది పేమారాం మాస్టారే. తరతరాలుగా సంస్కర్తలు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్న పని ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. జిల్లా నుంచి అధికారులు వచ్చి ఊరిని మెచ్చుకొని, మహిళాభ్యుదయ గ్రామం అని ఒక పాలరాతి ఫలకం ఇచ్చారు. కింద చిన్న అక్షరాల్లో కృషి: శ్రీ పేమారాం అని ఉంది.

ఫలకం అందరికీ కనబడాలంటే రోడ్డు పక్కనున్న బావిగది గోడే తగిన చోటు. పొలం కొలిచి గట్టు వేసినప్పుడు బావిగది సాయరీ సగంలోకి వచ్చింది. మేకూ సుత్తీ పట్టుకొని గోడ దాకా వెళ్లిన మాస్టారు, కాస్త ఆగి, వెనక్కి వచ్చి, దగ్గి, గోడకు ఒక మేకు కొట్టుకోవచ్చా అని అడిగారు. కాపురంలో ఆయన భార్యను అనుమతి అడగడం అదే మొదలు.

"దానికేం భాగ్యమండీ, కొట్టుకోండి," అంది సాయరీ. లోపలి నుంచి ఒక కాగితం తెచ్చింది. "ఆ గోడ మీద మీకు హక్కు లేదని చిన్న సంతకం పెట్టండి చాలు. మామూలుగా మనవాళ్లు రాసే కాగితమే, పేర్లు మార్పించానంతే. చదవక్కర్లేదు, ఇంట్లోవాళ్లదే కదా."

మాస్టారు కలం తీశారు. మళ్లీ మూత పెట్టారు. కళ్లజోడు తెప్పించుకున్నారు. అరుగు మీద వెలుతురులోకి జరిగి మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివారు. తర్వాత మళ్లీ మొదటి నుంచి చదివారు. అన్నేళ్ల సమాజసేవలో ఆయన ఒక హక్కుత్యాగ పత్రాన్ని పూర్తిగా చదవడం అదే ప్రథమం.

"ఇదేమిటే! నాకుగాని, నా తదనంతరం నా వారసులకుగాని, ఎన్నటికీ, ఏ విధమైన హక్కూ లేదని ఉందే. ఇంత ఘోరంగా రాస్తారా ఎక్కడైనా?"

"అవునండీ," అంది సాయరీ. "మా అందరి కాగితాల్లోనూ అదే ఉంటుంది."

ఫలకం ఇంకా గోడకు ఎక్కలేదు. గోధుమల డబ్బా మీద బోర్లించి ఉంది. ఇందుమూలంగా చదువరులకు మనవి చేయునది ఏమనగా, మీ ఇంటి బీరువాలో కూడా మేనత్తగారిదో అక్కగారిదో ఇలాంటి కాగితం ఒకటి మడిచి ఉండవచ్చును. తీసి చదవమని ఎవరూ మిమ్మల్ని బలవంతపెట్టడం లేదు. ఇంట్లోవాళ్ల కాగితం చదవడం అనుమానం కదా.